నాకు తెలుసని వాళ్ళకి తెలీదు

ఈ వారం ఉత్తరం:

"అప్పా, నమస్కారం. మాది ఉద్దానం, కవిటి మండలం. నాకు 61 ఏళ్ళు. ఎకరంన్నర తోట, కొబ్బరీ జీడీ. తిత్లీ తుపానుకి చాలావరకు పడిపోతే మళ్ళీ మొక్కలు వేశాను. కొన్ని చెట్లు ఈ ఏడే తొలి గెల వేశాయి. మూడు నెలల కిందట పచ్చకామెర్లు వస్తే విశాఖ తీసుకెళ్ళారు. క్లోమంలో క్యాన్సరట, కాలేయానికి పాకిందట. స్టెంట్ వేశాక కామెర్లు తగ్గాయి. డాక్టరుగారు నన్ను బయట కూర్చోబెట్టి మా అబ్బాయితో మాట్లాడారు. తలుపు సరిగ్గా పడలేదు. 'అయిదారు నెలలు' అన్న మాట నా చెవిన పడింది. ఇంటికొచ్చాక అందరూ అల్సర్ అంటున్నారు, నేనూ సరే అంటున్నాను. మా ఆవిడ దొడ్లోకి వెళ్ళి ఏడ్చి వస్తోంది. కోడలు తోటకి వెళ్ళనివ్వదు. ఎనిమిదేళ్ళ మనవడిని నా గదిలోకి రానివ్వడం లేదు. హైదరాబాదులో పనిచేసే మా అబ్బాయి తోటలో సగం అమ్మి అక్కడ వైద్యం చేయిస్తానంటున్నాడు. చుట్టాలు కాశీ తీసుకెళ్ళమంటున్నారు. పక్క గట్టు తమ్ముడితో పదకొండేళ్ళుగా మాటల్లేవు. నొప్పి వెన్నులోకి లాగుతోంది, ఎవరికీ చెప్పలేదు. పగలు ఎలాగో గడుస్తోంది. రాత్రి భయం వేస్తోంది. చావు ఇంత దగ్గరుందని తెలిశాక మనిషి ఎలా బతకాలి? ఇంకో చిన్న మాట. తొలి గెల అరసవల్లి దేవుడికి ఇవ్వాలంటున్నారు. అన్నీ ఇచ్చేయాలా? పేరు వేయకండి."

తమ్ముడూ,

అప్పా అని, అంటే అక్కా అని పిలిచావు కాబట్టి 'నువ్వు' అనే రాస్తాను. నాకు 68. ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేశాను, అందులో ఎక్కువకాలం మన శ్రీకాకుళం జిల్లాలోనే. నీ ఉత్తరం నాలుగు రోజులు బల్ల మీదే ఉంది. ఇలాంటివి సాధారణంగా కొడుకులో కూతుళ్ళో రాస్తారు, నాన్నకి చెప్పాలా వద్దా అని. నాన్నే రాయడం అరుదు.

ముందు ఆ తలుపు సంగతి. అది సరిగ్గా పడకపోవడం నీకు మేలే చేసింది. నీ ఒంటి గురించిన కబురు నీకే దొంగచాటుగా అందడం మాత్రం అన్యాయం. రోగిని బెంచీ మీద కూర్చోబెట్టి, వెంట వచ్చినవాళ్ళకి చెప్పడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. నేనూ ఎన్నో ఏళ్ళు ఆ తలుపు వేసినదాన్నే.

ఆ అయిదారు నెలల లెక్కని ఎంతవరకు నమ్మాలి? 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది. చికాగోలో చివరి దశలో ఉన్న 468 మంది గురించి, వాళ్ళని చూస్తున్న 343 మంది డాక్టర్లని 'ఈ మనిషి ఎన్నాళ్ళుంటాడు' అని అడిగారు. తర్వాత ఏం జరిగిందో చూశారు. ఇంచుమించు సరిగ్గా చెప్పింది నూటికి ఇరవై సార్లే. నూటికి 63 సార్లు డాక్టర్లు ఉన్నదానికంటే ఎక్కువ కాలం చెప్పారు. రోగితో పరిచయం పాతబడినకొద్దీ ఆ తప్పు పెరిగింది. ప్రేమ ఉన్నచోట లెక్క తప్పుతుంది మరి, డాక్టరుకైనా అంతే.

నీతో అబద్ధం ఆడను. క్లోమం నుంచి కాలేయానికి పాకిన జబ్బు వెనక్కి మళ్ళడం నా అనుభవంలో చూడలేదు. అందుకని ఆరు నెలలున్నాయి కదా అని నాలుగో నెలకి ఒక పని, అయిదో నెలకి ఒక పని పెట్టుకోకు. చేయాలనుకున్నవన్నీ ఈ పదిహేను రోజుల్లోకి లాగు. ఆ తర్వాత వచ్చే రోజులన్నీ కొసరు.

మా అమ్మ సంగతి చెప్పాలి. విజయనగరంలో ఉండేది. కడుపులో క్యాన్సర్. నేను నర్సుని, ఇంటికి పెద్దకూతుర్ని. ఇంట్లో నాటకం నడిపింది నేనే. గ్యాస్ట్రిక్ అని చెప్పాను. మందుల డబ్బాల మీద కాగితాలు చింపేశాను. చూడ్డానికి వచ్చినవాళ్ళకి గుమ్మం దగ్గరే ఏం మాట్లాడాలో చెప్పి లోపలికి పంపేదాన్ని. దసరాలకి ముందు, పైడితల్లమ్మ సిరిమాను జాతర దగ్గరపడుతుంటే, అమ్మ ఒకటే అడిగింది. "ఈ ఏడు సిరిమాను సూపించండే. మూడు లాంతర్ల కాడ ఏ కొట్టు మెట్లమీదైనా కూకోబెడితే సాలు." "జనం తొక్కేస్తారమ్మా, వచ్చే ఏడు చూద్దువుగాని" అన్నాను. విజయదశమి వెళ్ళిన మంగళవారం సిరిమాను గుడి దగ్గర్నుంచి కోటదాకా మూడుసార్లు తిరిగింది. అమ్మ ఇంట్లో మంచం మీద డప్పులు వింది. దీపావళికి లేదు.

పన్నెండో రోజు భోజనాలకి వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. అమ్మ ఎప్పుడో మూడేళ్ళ కిందట ఒకరి దగ్గర తెచ్చుకున్న జల్లెడ, ఆఖరి నెలలో పనిపిల్ల చేత వెనక్కి పంపిందట. ఇంకొకరి ఇత్తడి గిన్నె. ఇంకొకరి గొడుగు. పాలవాడి ఖాతా చిల్లరతో సహా తీర్చేసింది. అంటే అమ్మకి అంతా తెలుసు. మేం నటిస్తున్నామని తెలిసి, మా నటన చెడకూడదని తనూ నటించింది. వీధిలో అందరి గిన్నెలూ ఒక్కర్తీ సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ జల్లెడ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

ఇది మా ఇంటి వింత కాదని తర్వాత తెలిసింది. గ్లేసర్, స్ట్రాస్ అని ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఆసుపత్రుల్లో కూర్చుని, చావు దగ్గరైన రోగుల చుట్టూ ఎవరు ఎవరికి ఏం చెబుతున్నారో గమనించారు. 1965లో అచ్చువేసిన తమ పుస్తకంలో అచ్చం మా ఇంటి సంగతే రాశారు. రోగికి తెలుసు, ఇంటివాళ్ళకి తెలుసు, నర్సులకి తెలుసు. ఎవరూ తెలిసినట్టు ఉండరు. అమెరికా అయినా, మా విజయనగరం అయ్యకోనేరు గట్టయినా మనుషులు మనుషులే.

నీ ఇంట్లో ఈ ముడి విప్పగలిగేది నువ్వొక్కడివే. వాళ్ళు భయపడేది నీకు తెలిసిపోతుందేమోనని. నీకు తెలిసిపోయింది కదా, ఇంక దేనికి భయం? ముందు మీ ఆవిడకి చెప్పు. అందరినీ కూర్చోబెట్టి సభ పెట్టకు, కొడుక్కి ఫోన్లో చెప్పకు. సాయంత్రం కోడలు, పిల్లాడు అటు వెళ్ళినప్పుడు పక్కన కూర్చోమను. పెద్ద మాటలు అక్కర్లేదు. "నాకంతా తెల్సు. ఆ రోజు తలుపులోంచి ఇనేశాను. ఇంక నువ్వు దొడ్లోకెల్లి ఏడవకు, ఇక్కడే నా పక్కన ఏడు." చాలు. ఆవిడ కోపం తెచ్చుకోవచ్చు. మూడు నెలలుగా ఒక్కర్తే మోసింది కదా, కోపం వస్తుంది. కాసేపు అరవనీ. అన్నం తిన్నాక కోడలికి ఆవిడే చెబుతుంది.

మనవడి సంగతి. ఎనిమిదేళ్ళవాడికి తెలియదనుకోవడం మన అమాయకత్వం. తాత గదిలోకి వెళ్ళొద్దంటే వాడు ఏమనుకుంటాడు? తనేదో తప్పు చేశాననుకుంటాడు, లేకపోతే అంటుకునే రోగమనుకుంటాడు. క్యాన్సర్ అంటుకోదని కోడలికి చెప్పు. నా పేరు చెప్పి చెప్పు. వాడితో మాత్రం, తాతకి తగ్గని జబ్బు చేసింది, ఇందులో నీ తప్పేమీ లేదు, నువ్వు రోజూ బడినుంచి వచ్చి నాకు కబుర్లు చెప్పాలి అను. ఏవైనా అడిగితే అడిగినంతకి జవాబు చెప్పు. పిల్లలు ఒక ప్రశ్న అడిగి ఆటకి పోతారు, రెండు రోజులాగి ఇంకోటి అడుగుతారు. వాళ్ళది మనకంటే మంచి పద్ధతి.

ఇప్పుడు నొప్పి. ఉత్తరం మొత్తంలో నాకు కోపం తెప్పించింది ఆ ఒక్క మాటే, 'ఎవరికీ చెప్పలేదు' అన్నది. మిగతావన్నీ దీని తర్వాతే. నొప్పితో ఉన్న మనిషికి భార్య ఎదురుగా ఉన్నా కనపడదు, దేవుడి పేరు గుర్తురాదు, తొలి గెల చూసినా సంతోషం ఉండదు. క్లోమం నొప్పి స్వభావమే అంత. వెన్నులోకి లాగుతుంది, వెల్లకిలా పడుకుంటే పెరుగుతుంది, ముందుకి వంగి కూర్చుంటే కాస్త నెమ్మదిస్తుంది. నీకు రాత్రిళ్ళు భయం వేయడంలో సగం ఈ నొప్పే అయ్యుంటుందని నా అనుమానం. పడుకోగానే నొప్పి మొదలవుతుంది, నిద్ర పట్టదు, ఇంట్లో అందరూ పడుకున్నారు, అప్పుడు మనసుకి ఇంకేం పని?

సిసిలీ సాండర్స్ అని లండన్లో ఒకావిడ ఉండేది. మొదట నర్సు, తర్వాత డాక్టరు చదివింది. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ అనే ఆసుపత్రి తెరిచింది, ఇక తగ్గదన్నవాళ్ళని బాగా చూసుకోవడానికే. ఆవిడ నేర్పిన ముఖ్యమైన సంగతి నొప్పి మందుని గడియారం చూసి వేయాలి, నొప్పి చూసి కాదు అన్నది. నొప్పి వచ్చాక వేస్తే ఎప్పుడూ దాని వెనకే పరుగెత్తుతుంటాం. రాకముందే వేస్తే మనిషి తన పనిలో తనుంటాడు. మేం వార్డులో అచ్చం దీనికి తలకిందులుగా చేసేవాళ్ళం. "ఇంకా తట్టుకోగలవా, అయితే ఆగు" అనేవాళ్ళం. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చిన్న మాత్రలకి లొంగకపోతే మార్ఫిన్ ఇస్తారు. ఆ పేరు వినగానే ఇంట్లో గోల మొదలవుతుంది, 'అలవాటైపోతుంది', 'అది ఇచ్చారంటే ఆఖరే' అని. రెండూ తప్పే. డాక్టరు చెప్పినట్టు నొప్పికి వాడేవాడు మత్తుకి బానిసవడం చాలా అరుదు. మార్ఫిన్ వేసుకుంటూ పొలం పనులు చూసుకున్నవాళ్ళని నేనెరుగుదును. మొదట్లో కాస్త మగతగా, వికారంగా ఉంటుంది, కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. మలబద్ధకం మాత్రం వదలదు, అందుకని మొదటి రోజునుంచే దానికీ మందు రాయమను. ఒకప్పుడు ఈ మాత్ర దొరకడానికి లైసెన్సుల మీద లైసెన్సులు కావలసివచ్చేవి. 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించాక ఆ చిక్కు తగ్గింది. అయినా ప్రతి మందుల షాపులోనూ దొరకదు, గుర్తింపు ఉన్న ఆసుపత్రిలోనే తీసుకోవాలి. క్లోమం నొప్పికి ఇంకో దారి కూడా ఉంది. కడుపు వెనకున్న నరాల గుంపుకి ఇంజెక్షన్ ఇచ్చి నొప్పి కబురు మెదడుకి వెళ్ళకుండా ఆపుతారు. నీకు పనికొస్తుందేమో అడుగు. తిన్నది అరగక మలం నూనెగా తేలుతుంటే, అన్నంతో పాటు వేసుకునే ఎంజైమ్ మాత్రలున్నాయి, అవీ అడుగు.

ఎవరిని అడగాలి అంటావా? 'పాలియేటివ్ కేర్' అన్న మాట గుర్తుపెట్టుకో. బాధని తగ్గించే వైద్యం అన్నమాట. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అక్కడైనా, నువ్వు చూపించుకుంటున్న చోటైనా ఈ మాట పట్టుకుని అడగమని మీ అబ్బాయికి చెప్పు. 'ఆ వార్డుకి వెళ్ళామంటే చేతులెత్తేసినట్టే కదా' అంటాడు. 2010లో అమెరికాలో మాసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రివాళ్ళు ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి మామూలు వైద్యం, రెండోదానికి అదే వైద్యంతో పాటు మొదటినుంచీ పాలియేటివ్ కేర్. రెండో గుంపువాళ్ళకి దిగులు తక్కువ, బాధ తక్కువ. పైగా వాళ్ళలో సగం మంది 11.6 నెలలు దాటి బతికారు, మొదటివాళ్ళలో సగం మంది 8.9 నెలలు దాటి. నీది వేరే క్యాన్సర్, ఆ లెక్క నీకు అతికించను. కానీ నొప్పి తగ్గించుకోవడమంటే చేతులెత్తేయడం కాదని చెప్పడానికి ఇది చాలు.

తోట అమ్మకం సంగతి. అబ్బాయిని తిట్టకు. అందరూ 'ఏం చేశావు' అని అడుగుతారని వాడి భయం. ఊరికి దూరంగా ఉన్న కొడుకులకి ఈ భయం మరీ ఎక్కువ. ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు తలుపు లోపల నువ్వు కూడా కూర్చో. డాక్టరుగారిని నువ్వే అడుగు. ఈ వైద్యం జబ్బుని పోగొడుతుందా? పోగొట్టకపోతే ఎన్నాళ్ళు కలుపుతుంది? ఆ కలిసిన రోజులు ఇంట్లో గడుస్తాయా, ఆసుపత్రి మంచం మీదా? కొందరికి కీమో వల్ల బాధ తగ్గి నాలుగు రోజులు కలిసొస్తాయి, వద్దేవద్దని నేననను. కానీ ఆ మూడు జవాబులూ వినకుండా, ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద ఏమేం చేస్తారో కనుక్కోకుండా సెంటు భూమి కూడా అమ్మనివ్వకు. విన్నాక వద్దనుకుంటే 'నాకొద్దు' అను. నిర్ణయం నీది. కొడుకు నెత్తిన పెడితే వాడు జీవితాంతం మోస్తాడు.

ఇక నువ్వు అసలు అడిగినది, ఎలా బతకాలి అని.

ఒకసారి మా వార్డులో పొందూరు నుంచి ఒక ముసలమ్మ ఉండేది. ఖాదీ నూలు వడికేది. పొందూరు సన్న నూలుకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు, నువ్వు వినే ఉంటావు. ఆ దవడ ముక్క, గుడ్డసంచీలో కొంచెం కొండపత్తి మంచం మీద పెట్టుకుని మధ్యాహ్నమంతా దువ్వుతూ ఉండేది. వార్డంతా దూది ఎగురుతోందని నేను గసిరాను. కొడుకు వచ్చి, "ఇంకెందుకే అమ్మా, రెస్టు తీసుకో" అన్నాడు. ఆవిడ తలెత్తకుండా అంది: "ఇదీ లాక్కుంటే ఇంక నేనేటి? రోగిష్టిదాన్నేనా?" తర్వాత నేను మళ్ళీ గసరలేదు. పోయే ముందు మూడో రోజుదాకా దువ్వింది.

నాకు తెలిసిన జవాబు ఆ ముసలమ్మదే, తమ్ముడూ. చావు దగ్గరైన మనిషి చేతిలోంచి ఇంటివాళ్ళు ముందు పని తీసేసుకుంటారు, తర్వాత మాట తీసేసుకుంటారు. అంతా ప్రేమతోనే. తోటకి వెళ్ళకు, లెక్కలు చూడకు, కూరలో ఉప్పు గురించి కూడా మాట్లాడకు, రెస్టు తీసుకో. ఆరు నెలలు మిగిలితే అందులో నాలుగు నెలలు ఇలా రెస్టులోనే పోతాయి. నీ పని నీ చేతిలోంచి పోనివ్వకు. రేపు పొద్దున్న మాత్ర వేసుకుని, అరగంట ఆగి, ఆటోలో తోటకి వెళ్ళు. ఒక మడతమంచం పట్టించుకెళ్ళు. ఏమీ చేయలేకపోయినా ఆ నీడన కూర్చుని పనివాళ్ళని తిట్టొచ్చు. తోట యజమాని పనిలో సగం అదే కదా.

పైగా అక్కడ నువ్వొక్కడివే చేయగలిగిన పని ఒకటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటాక ఉద్దానంలో ఎందరు తోటలు వదిలేసి వలసపోయారో నీకు చెప్పక్కర్లేదు. నువ్వు మళ్ళీ మొక్కేశావు. ఏ వరసలో నాటు రకం, ఏ వరసలో హైబ్రిడ్, ఏ చెట్టు మొవ్వులో కొమ్ముపురుగు పడితే ఇనుప చువ్వతో లాగావు, వాన పడితే నీరు ఎటు నిలుస్తుంది, బోరు ఏ నెలలో అడుగంటుతుంది, జీడిపిక్కల షావుకారు తూకంలో ఎక్కడ కొడతాడు, ఇవన్నీ నీ తలకాయలో తప్ప ఎక్కడా లేవు. హైదరాబాదులో ఉన్న కుర్రాడికి ఏం తెలుసు? మనవడి చేతికి నోటుబుక్కు ఇచ్చి చెట్టు చెట్టుకీ నంబరు వేయించు. వాడు రాస్తాడు, నువ్వు చెప్పు. తప్పులుంటాయి, ఉండనీ. కోడలు కూడా వెనకాలే వస్తుంది చూడు. రేపు ఆ తోట చూసుకోవాల్సింది నిజానికి ఆ పిల్లే.

కాశీ గురించి చుట్టాలు చెప్పారని రాశావు. నీకు వెళ్ళాలని ఉందో లేదో రాయలేదు. ఉంటే ఈ వారంలోనే వెళ్ళు, వచ్చే నెల అనకు. లేకపోతే ఎవరికోసమో రైల్లో ఆ ఒళ్ళు హూనం చేసుకోకు. బారువలో మహేంద్రతనయ సముద్రంలో కలిసేచోటు మీకు ఎంత దూరమని? పొద్దున్నే వెళ్ళి కాళ్ళు తడుపుకుని, ఇంటికొచ్చి భోంచెయ్యొచ్చు. నువ్వు పోయాక శ్రీకూర్మంలో ఏం చేయాలో, అస్థికలు ఎక్కడ కలపాలో అవీ నీ నోటితోనే చెప్పెయ్యి. పెద్దవాళ్ళు చెప్పకుండా పోతేనే పిల్లలు కొట్టుకుంటారు.

దేవుడి మాట వచ్చింది కాబట్టి. పాము కాటుతో పోతావన్న శాపం వల్ల పరీక్షిత్తు మహారాజుకి ఏడు రోజులే గడువు. ఆయన శుకమహర్షిని అడిగింది కూడా అచ్చంగా నీ ప్రశ్నే, చావబోయేవాడు ఏం చేయాలి అని. శుకుడు మంచి ప్రశ్న అన్నాడు, ఖట్వాంగుడనే రాజుకి రెండు గడియలే మిగిలినా చాలాయని చెప్పాడు. అందరూ ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. నాకు మాత్రం ఆ కథలో ఇంకో రెండు సంగతులు కనిపిస్తాయి. పరీక్షిత్తుకి శాపం సంగతి దాచలేదు, వెంటనే కబురు పంపారు. గంగ ఒడ్డున కూర్చోబోయే ముందు ఆయన రాజ్యం భారం దించేసుకున్నాడు, కొడుకు జనమేజయుడికి అప్పగించాడు. ఆయన చేసిన ఉపవాసం మాత్రం నీకొద్దు.

ఆ అప్పగింత నీ విషయంలో రెండు కాగితాలు. వీలునామా తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టాలి. ఆస్తి దక్కేవాళ్ళని సాక్షులుగా పెట్టకు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే గొడవలు తగ్గుతాయి. పిత్రార్జితంలో నీ వాటా మేరకే రాయగలవు, అది వకీలుకి చూపించు. రెండోది, ఆఖర్లో వెంటిలేటరు మీద పెట్టొద్దనుకుంటే ఆ మాట రాసిపెట్టుకోవచ్చు. సుప్రీంకోర్టు 2018 మార్చిలో ఆ హక్కు ఉందని చెప్పింది, 2023 జనవరిలో పద్ధతి తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ చాలు.

తమ్ముడి సంగతి. ఆఖరి రోజుల్లో అందరితో కలిసిపోవాలి అని చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను అనను. పదకొండేళ్ళ కోపానికి కారణం నీకు తెలుసు, నాకు తెలియదు. కావలించుకోవాలని ఉంటే కబురు పెట్టు, లేకపోతే మానెయ్. కానీ గట్టు మాత్రం తేలాలి. మీ ఇద్దరిలో ఎవరికి ఎంతో, హద్దు రాయి ఎక్కడ ఉండాలో తెలిసింది మీ ఇద్దరికే. సర్వేయర్‌ని పిలిపించి, మధ్యవర్తులని పెట్టి, నువ్వు మాట్లాడగలిగినప్పుడే రాయి పాతించు. లేకపోతే ఆ పగ మీ కొడుకులకి వాటాగా వస్తుంది. రాయి పాతేటప్పుడు పక్కపక్కన నిలబడితే ఏదో ఒక మాట వస్తుందేమో, అది మీ ఇద్దరి ఇష్టం.

తిండి గురించి మీ ఆవిడకి నా మాటగా చెప్పు. మున్ముందు నీకు ఆకలి తగ్గుతుంది. తినకపోవడం వల్ల నీరసిస్తున్నాడని ఆవిడ ముద్దలు కుక్కుతుంది, నువ్వు కక్కుతావు, ఇద్దరూ ఏడుస్తారు. నిజానికి జబ్బు ముదురుతుంటే ఒళ్ళే తిండి వద్దంటుంది. రెండు చెంచాల చోడి అంబలి, ఇంత పనసపొట్టు కూర, నువ్వు అడిగినప్పుడు అడిగినంత పెడితే చాలు. ఆఖర్లో నిద్ర ఎక్కువవుతుంది, మింగడం కష్టమవుతుంది. అప్పుడు బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడి గుడ్డతో పెదవులు తడిపితే చాలు. ఇది ముందే తెలిసుంటే ఆవిడ, నేను పెట్టకపోవడం వల్లే పోయాడని తర్వాత కుమిలిపోదు.

రాత్రి భయానికి మందు పూర్తిగా నా దగ్గర లేదు. నొప్పికి గడియారం ప్రకారం మాత్ర పడ్డాక ఎంత మిగులుతుందో చూడు. మిగిలినదానికి, గదిలో ఒక్కడివే పడుకోవడం మానెయ్. మంచం వరండాలోకి లాగించు, పక్కన మీ ఆవిడ మంచం. వీపు వెనక దిండ్లు పెట్టుకుని సగం కూర్చున్నట్టు పడుకో. నడిరాత్రి మెలకువ వస్తే పడుకున్నట్టు నటించకు, ఆవిడని లేపు. పగలంతా నటించనక్కర్లేదని తేలాక ఆవిడ కూడా హాయిగానే లేస్తుంది. వార్డులో నైట్ డ్యూటీలో నేను గమనించింది ఒకటుంది. రెండింటికీ నాలుగింటికీ మధ్య రోగులు బెల్లు కొట్టి నీళ్ళు అడుగుతారు. ఇస్తే రెండు గుక్కలు తాగుతారు. వాళ్ళకి కావలసింది నీళ్ళు కాదు, లైటు వేసుకుని ఒక మనిషి రావడం. ఆ బెల్లు నువ్వు కూడా కొట్టొచ్చు.

గెల మాట మర్చిపోలేదు. తొలి గెల అరసవల్లికి ఇవ్వు, మొక్కు మొక్కే. అన్నీ ఇచ్చేయమని సూర్యనారాయణమూర్తి అడగలేదు. మిగతా చెట్ల గెలల్లోంచి ఒక బొండం కోయించి, తోటలోనే మంచం మీద కూర్చుని తాగు. ఒక్కటే షరతు. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో, ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లుండి కూడా కొబ్బరినీళ్ళు నోట పోసుకోలేనివాళ్ళు ఎందరో నీకు తెలుసు. ఆ నీళ్ళలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీకి అది పడదు. అందుకని నీ పాత రిపోర్టులో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం ఎంతున్నాయో డాక్టరుగారికి చూపించి అడుగు. బాగానే ఉన్నాయంటే తాగెయ్. మీ మనవడికి లోపలి లేత కొబ్బరి ఇవ్వు. ఆ చెట్టు నంబరు ఎంతో నాకు రాయి.

— మీ అప్ప